చెయ్యి పడని కారు

పోయిన వారం హెడీ కుబియాక్‌ను ఒక కొత్త కారు పక్కన, ముక్కు మూసుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. కెన్సెట్ కంపెనీ వారి ‘సావరిన్’ అది. కొని ఆరు వారాలు కూడా కాలేదు. కొన్నావిడ మిసెస్ ఓజెల్, రిటైరైన స్కూలు టీచరు, ఆదివారం చర్చిలో హెడీ పక్కన కూర్చునే మనిషి. కెన్సెట్ కారు కొనుక్కోవాలన్నది ఆవిడకు పెళ్లినాటి నుంచీ ఉన్న కోరిక. అంత ఆశపడి కొనుక్కున్న కారు తలుపు తీస్తే లోపలి నుంచి తడిసిన కుక్క కంపు గుప్పున కొట్టింది. తలుపు సందులోంచి కారిన వాననీళ్లు కార్పెట్టు కింద చేరి మురిగిపోయాయి. షోరూం వాళ్లు మూడుసార్లు చూశారు. మూడుసార్లూ “మీరే అద్దం దించి మరిచిపోయి ఉంటారమ్మా” అని పంపేశారు.

హెడీకి ఆ తలుపు చూడగానే సంగతి తెలిసిపోయింది. సరిగ్గా అలాగే కారే తలుపును తొమ్మిది నెలల కిందట తన చేతులతో తనే బాగుచేసింది. ఆ కారు మాత్రం ఏ టీచరమ్మదీ కాదు, కెన్సెట్‌లో కార్ల తయారీ మొత్తానికి అధిపతి అయిన లోవెల్ హార్గ్రేవ్‌ది.

ఇవాళ గురువారం. డెట్రాయిట్ మీద తెల్లవారకముందే మొదలైన అక్టోబరు వాన ఇంకా తెరిపివ్వలేదు. పన్నెండింటికి కెన్సెట్ భవనం ముందు, దేశం నలుమూలల నుంచి వచ్చిన పత్రికలవాళ్ల ఎదుట, కంపెనీ ఛైర్మన్ ఎమ్మెట్ స్ట్రౌడ్ స్వయంగా ఒక సావరిన్‌ను నడుపుకుంటూ వెళ్లాలి. ఒకప్పుడు సెనేటర్లూ సినిమా తారలూ ఎక్కిన బండి కెన్సెట్. ఇప్పుడు వాళ్ల పిల్లలు జర్మన్ కార్లెక్కి తిరుగుతున్నారు. జపాన్ వాళ్లు కూడా రేపోమాపో ఖరీదైన కార్లు దింపుతారట. పోయిన పరువును తిరిగి తెచ్చుకోవడానికి కంపెనీ ఆడుతున్న ఆఖరి పందెం సావరిన్. వసంతంలో అమ్మకానికి వచ్చింది, ఎండాకాలం గడిచేసరికి తలుపులు కారుతున్నాయని గుసగుసలు మొదలయ్యాయి. జనం నోళ్లు మూయించడానికి హార్గ్రేవ్ ఒక ప్రకటన చేశాడు. ఛైర్మన్ నడపబోయేది ఏరి తెచ్చిన కారు కాదు, ఈ పొద్దున లైను మీది నుంచి దిగిన కారు, ఆ తర్వాత దాని మీద ఒక్క చెయ్యి కూడా పడదు అని. పత్రికలవాళ్లకు ఆ మాట భలే నచ్చింది.

ఆ కారు ఇప్పుడు నేల కింద గ్యారేజీలో, హెడీ ఎదురుగా ఉంది. నల్లగా, నీటుగా, పెళ్లికి ముస్తాబైనట్టు.

“అలా చూడకు దాన్ని,” అన్నాడు ఓటిస్ గెయిన్స్. గ్యారేజీకి పెద్ద అతనే. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, వచ్చే ఈస్టరుకు రిటైర్మెంటు. “కడుగు, తుడువు, కార్ల లిఫ్టులో పెట్టు. అంతవరకే మన పని.”

“ఎడమ తలుపు, నడిపేవాళ్ల వైపుది, చూశావా?”

“చూడలేదు. చూడను. ఈస్టరు దాకా నాకు కళ్లు కనపడవు.”

“ఓటిస్, పైన చట్రానికీ కప్పుకీ మధ్య నా చిటికెన వేలు దూరుతోంది.”

“నీ వేలు సన్నం తల్లీ. నాదైతే దూరదు.” మొక్కజొన్న రొట్టె ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. “మా పేటలో పెద్ద మనుషులు పోతే ఇప్పటికీ కెన్సెట్‌లోనే సాగనంపుతారు తెలుసా? బతికున్నవాళ్లు ఎక్కడం మానేశారుగానీ, పోయినవాళ్లు మానలేదు. కంపెనీకి అంతకన్నా మంచి బేరం ఏముంది చెప్పు! లోపల నీళ్లు కారినా నోరెత్తరు.”

మామూలు రోజైతే హెడీ పగలబడి నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. మిసెస్ ఓజెల్ కారులో కొట్టిన ఆ కంపు ఇంకా ముక్కులోనే ఉంది.

ఈ గ్యారేజీ సంగతి కొంచెం చెప్పుకోవాలి. కెన్సెట్ భవనంలో పెద్దలందరూ పొద్దున ఏడున్నరకు కార్లు ఇక్కడ వదిలి లిఫ్టెక్కి పైకి పోతారు. సాయంత్రం దిగేసరికి కారు కడిగి ఉంటుంది, ట్యాంకు నిండి ఉంటుంది, దానికి ఏ జబ్బు ఉన్నా నయమై ఉంటుంది. ఫలానా చోట కిర్రుమంటోందని వాళ్లు చెప్పనక్కర్లేదు. హెడీ ప్రతి కారునూ ఒకసారి వీధి చుట్టూ తిప్పి, చెవి ఒగ్గి వింటుంది. మొదట సీట్లు కుట్టే లైనులో చేరి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చిన ఇరవై రెండేళ్లలో ఆమె చెవికి దొరకకుండా పోయిన చప్పుడు లేదు. పై వాళ్లలో పెట్రోలు బంకు మొహం చూసినవాడు లేడు. షోరూం బెంచీ మీద కూర్చుని చల్లారిన కాఫీ తాగుతూ తన కారు కోసం ఎదురుచూసినవాడూ లేడు. కారు పాడవడమంటే ఏమిటో ఎరగని మనుషులు కూర్చుని లోకానికి కార్లు తయారు చేస్తున్నారు. ఛైర్మన్ స్ట్రౌడ్ అయితే మరీను. పదిహేనేళ్లుగా ఆయనకు డ్రైవరున్నాడు, తలుపు తీయడానికొకరు, వేయడానికొకరు. తన కారు తలుపు తను వేసుకున్న పాపాన పోలేదాయన.

పదిన్నరకు మనుషుల లిఫ్టు దిగింది. అందులోంచి వచ్చింది లోవెల్ హార్గ్రేవ్.

ఓటిస్ రొట్టె దాచేశాడు. హార్గ్రేవ్ కారు వదిలి పైకి పోవడమే గానీ, ఇలా రిపేరు బల్లల దాకా రావడం వాళ్లు చూసి పదేళ్లపైనే అయింది. పొడుగాటి మనిషి, ఒంటె రంగు కోటు, చేతిలో ఒక కాగితం. మొహం నిండా నవ్వు. చెడ్డవాడని తిట్టుకుని ఊరుకోవడానికి లేని మనిషి అతను, అదే చిరాకు. వాళ్ల నాన్న పాలబండి తోలేవాడట. వీధిలో కెన్సెట్ కారు ఎదురైతే బండి ఆపి టోపీ తీసేవాడట. ఆ కథ ప్రతి మీటింగులోనూ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ అతని గొంతు నిజంగానే పూడుకుపోతుంది.

“గుడ్ మార్నింగ్ ఓటిస్. నువ్వు హెడీవి కదూ? నా కారు చూసేది నువ్వేనటగా?”

“అవును సార్.”

“నీకు థాంక్స్ చెప్పాలి. తొమ్మిది నెలలు! మిగతావాళ్లు ఆర్నెల్లకో కారు మారుస్తారు. నేను మాత్రం పంతం పట్టి ఒకే సావరిన్ నడిపాను. ఒక్క చప్పుడు లేదు, ఒక్క చుక్క లేదు. ఇంకేం కావాలి చెప్పు!” కాగితం బల్ల మీద పరిచాడు. “పత్రికలవాళ్లకు ఇది పంచుతున్నాం. ‘హార్గ్రేవ్ గారి సావరిన్‌కు తొమ్మిది నెలల్లో ఏ రిపేరూ అవసరం పడలేదు’ అని. నా సంతకం కంటే నీ సంతకానికి విలువెక్కువ. చేతులకు గ్రీజు అంటినవాళ్ల మాట జనం నమ్ముతారు.”

పెన్ను మూత తనే తీసి ఇచ్చాడు.

హెడీ పెన్ను అందుకోలేదు. ఓటిస్ అవతలి గోడ మీద ఏదో గొప్ప విశేషం ఉన్నట్టు అటే చూస్తున్నాడు.

“మిసెస్ ఓజెల్ అనే ఆవిడ మీకు ఉత్తరం రాసింది సార్. అందిందా?”

“ఏ ఓజెల్? ఓ, ఆ టీచరా!” హార్గ్రేవ్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. “చదివాను. కార్పెట్టు తడుస్తోందట. హెడీ, కొంతమందికి మంచి వస్తువు వాడుకోవడం చేతకాదు. అద్దాలు దించేసి పోతారు, కుక్కల్ని ఎక్కిస్తారు, చివరికి మన పరువు తీస్తారు. అదే కారు కదా నేనూ నడిపేది? నాది కారదేం?”

అదిగో, అక్కడ హెడీకి ఒళ్లు మండిపోయింది. కుక్కను ఎక్కించిందట! ఆవిడ ఆ కారులో ఎక్కేముందు చెప్పులకు అంటిన దుమ్ము కూడా దులుపుకుంటుంది.

హెడీ తన సామాన్ల బల్ల కింద నుంచి పెద్ద కాఫీ డబ్బా ఒకటి తీసింది. హామ్‌ట్రామ్క్ పేటలో, హెడీలా పోలండ్ నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఏ వస్తువూ పారేయడం చేతకాదు. విరిగిన మేకు కూడా డబ్బాలో వేసి దాస్తారు. మూత తీసి ఆ డబ్బాను కాగితం మీద బోర్లించింది. గలగలమంటూ పడ్డాయి: వంగిన క్లిప్పులు, అరిగిన బోల్టులు, తలుపు అంచు నుంచి కోసి తీసిన, నీళ్లు ఆపే రబ్బరు బీడింగు ముక్కలు, తలుపు బందుల్లోంచి ఊడిన రెండు పిన్నులు, డాష్‌బోర్డు కింద గిలక్కాయలా మోగిన ఇనప రేకు ముక్క.

“ఏమిటివి?”

“మీ కారు సార్.”

“అంటే?”

“తొమ్మిది నెలల్లో మీ కారులోంచి నేను తీసినవి. ఇది జనవరిలో, మీ తలుపు కారినప్పుడు. ఇది ఫిబ్రవరిలో, మళ్లీ కారినప్పుడు. ఈ రేకు మార్చిలో. వెనక అద్దం రెండుసార్లు మార్చాను. స్టీరింగు కింద కిర్రుమంటే మధ్యాహ్నం మీరు భోంచేసే లోపు విప్పి బిగించాను. మొత్తం నలభైసార్ల పైనే. మీరు సాయంత్రం దిగి, ఎక్కి, వెళ్లిపోయేవారు.”

హార్గ్రేవ్ ఒక పిన్ను తీసి వెలుతురులో తిప్పి చూశాడు. తేలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని.

“మరి నాకెవరూ చెప్పలేదేం? ప్లాంటుకు తెలియాలి కదా ఇది! ఓటిస్, ఈ పనులన్నీ ప్లాంటుకు ఎందుకు రాయలేదు?”

ఓటిస్‌కు ఈస్టరు దాకా రావనుకున్న కళ్లు ఆ క్షణంలో వచ్చేశాయి. చేతులు కడుక్కునే తొట్టి పైన గోడకు అంటించిన పసుపు కాగితం వైపు గడ్డంతో చూపించాడు. “మీ ఆర్డరే సార్. పదకొండేళ్లయింది.”

హార్గ్రేవ్ దగ్గరికి వెళ్లి చదివాడు. కింది గ్యారేజీలో పెద్దల కార్లకు చేసే చిన్నచిన్న పనులు ప్లాంటుకు తెలియజేయనక్కర్లేదు, అవి కొనుగోలుదారుల కార్లు కావు గనక తప్పుల లెక్కలోకి రావు. కింద సంతకం. అప్పట్లో అతను సర్వీసు విభాగంలో కొత్తగా పైకొస్తున్న కుర్ర ఆఫీసరు. ఆ ఏడాది తప్పుల లెక్క తగ్గినందుకు ప్రమోషన్ కూడా వచ్చింది. తన సంతకం అతను గుర్తుపట్టాడు. మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

“ఒక్క కారు చూసి అన్ని కార్లూ ఇంతే అనడం న్యాయం కాదు,” అన్నాడు గోడ మీది కాగితానికి వీపు తిప్పి.

“అయితే ఇంకోటి చూద్దాం సార్. పొద్దున్నే దిగింది, ఎవరి చెయ్యీ పడలేదు. ఎక్కండి.”

అతను ఎందుకు ఎక్కాడో అతనికే తెలియాలి. బహుశా ఆ కారు తనను మోసం చెయ్యదని నిజంగా నమ్మి ఉంటాడు. ఒంటె రంగు కోటుతోనే ఎడమవైపు కూర్చుని తలుపు లాక్కున్నాడు. పడవలో డబ్బా రేకు పడ్డట్టు చప్పుడైంది. హెడీ నీళ్ల పైపు తీసి కారు కప్పు మీద పట్టింది. గట్టిగా కూడా పట్టలేదు, బయట పడుతున్న వానంత పట్టింది. నిమిషం గడవలేదు. అద్దంలోంచి కనపడుతోంది: చట్రం మీది నుంచి సన్నటి ధార జారి అతని భుజం మీద పడింది, అక్కడి నుంచి మోచేతికి, మోచేతి నుంచి తొడ మీదికి. హార్గ్రేవ్ కదల్లేదు. ఒళ్లో నీళ్లు చేరుతుంటే చిన్నపిల్లాడిలా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

హెడీకి ఒక్క క్షణం జాలేసింది. పాలబండి తోలిన తండ్రి గుర్తొచ్చాడు. ఇప్పుడీ మనిషి దిగుతాడు, పైకెళ్తాడు, ఇవాళ్టి తతంగం ఆపేస్తాడు అనుకుంది. మిసెస్ ఓజెల్‌కు స్వయంగా ఫోను చేస్తాడనీ అనుకుంది.

హార్గ్రేవ్ దిగాడు. జేబురుమాలు తీసి చెయ్యి తుడుచుకున్నాడు. వాచీ చూసుకున్నాడు.

“గంటన్నర టైముంది. దీన్ని బాగుచెయ్యి.”

“సార్?”

“నా కారుకు ఏం చేశావో దీనికీ అదే చెయ్యి. బీడింగు మార్చు, చట్రం వంచు, చప్పుడు రానీకు. నీకంటే బాగా చేసేవాళ్లు లేరు.”

“చెయ్యి పడని కారని మీరే చెప్పారు కదా?”

“చెప్పాను. పడిందని నువ్వు చెప్తావా?” గొంతు పెంచలేదు, అదే మర్యాద, అదే నవ్వు. “చూడు హెడీ. పరువనేది జనం నోట్లో ఉంటుంది. ముందు దాన్ని వెనక్కి తెచ్చుకుందాం, తలుపుల సంగతి వచ్చే ఏడాది చూసుకుందాం. ఇవాళ ఈ కారు నాలుగు వీధులు తిరిగి రావాలి, అంతే. లేకపోతే ప్లాంటులో రెండో షిఫ్టు క్రిస్మస్‌కు ముందే మూతపడుతుంది. మీ తమ్ముడు అక్కడే కదా చేసేది? స్టాన్లీ?”

పేరు కూడా తెలుసుకునే దిగాడన్నమాట.

కాగితం మీది సామాను పక్కకు నెట్టి, నూనె మరక పడని చోటు చూసి, “సంతకం పైకి పంపించు” అని చెప్పి లిఫ్టెక్కాడు. లిఫ్టు తలుపులు మూసుకునే ముందు కోటు విప్పి, తడిసిన వైపు కనపడకుండా చేతి మీద మడిచి వేసుకున్నాడు. అబద్ధం ఆడితే ఆడాడు, మనుషులు ఆడతారు. నిజం ఒళ్లంతా తడిపాక కూడా, తడిసిన వైపు లోపలికి మడుచుకున్నాడే, అది చూసి హెడీకి రోత పుట్టింది.

“చేసెయ్ తల్లీ,” అన్నాడు ఓటిస్ మెల్లగా. “ఒక్క తలుపు. నీకు అరగంట పని.”

ప్లాంటుతోనూ పైన వాకిలితోనూ నేరుగా కలిసే ఫోను గోడకుంది. హెడీ బాడీ సెక్షనుకు కలిపి స్టాష్‌ను పిలిపించింది. కంపెనీకి స్టాన్లీ అయినా అక్కకు స్టాష్. లైను వెనక మర గర్జిస్తుంటే తమ్ముడు అరుస్తున్నట్టు మాట్లాడాడు.

“ఏంటక్కా? అమ్మకేమైనా..?”

“అమ్మ బానే ఉంది. ఒరేయ్, పొద్దున నల్ల సావరిన్, ఛైర్మన్‌గారి కోసం పంపింది, ఎడమ తలుపు నువ్వేనా బిగించింది?”

“నేనే. సందు ఎక్కువుందని నాకు తెలుసు. నిమిషానికో కారు వస్తుందక్కా, మోకాలు ఆన్చి వంచడానికి కూడా టైమివ్వరు. మా ఫోర్‌మన్‌తో చెప్పాను. పోనియ్, షోరూం వాళ్లు చూసుకుంటారన్నాడు.”

“వసంతం నుంచీ ఇలాగేనా?”

“వసంతం నుంచీ చెప్తున్నాం. చెప్పిన ప్రతిసారీ ఒకటే తిట్టు. ‘హార్గ్రేవ్‌గారి కారు అదే లైను మీద దిగింది, తొమ్మిది నెలలుగా చుక్క కారలేదు. మరి లోపం బండిలో ఉందా, మీ చేతుల్లో ఉందా?’ అంటాడు ఫోర్‌మన్. పెద్ద మీటింగులో అందరి ముందూ అన్నాడు. ఇద్దర్ని తీసేశారు కూడా.”

హెడీ ఫోను తీగను వేలికి చుట్టుకుంది. “ఆ కారు నేను బాగుచేస్తున్నానని నీకు తెలియదా?”

“ఎందుకు తెలియదు? నువ్వు గాక ఇంకెవరు చేస్తారు?”

“మరి అక్కడ అనలేదేం?”

“అంటే నీ ఉద్యోగం ఊడదూ?” అని, గొంతు తగ్గించాడు. “పోనీలే అక్కా. ఇవాళ్టికి ఆ ఒక్క తలుపు సరిచేసి పంపించెయ్. ఇక్కడ రెండు వేలమందిమి ఉన్నాం. నీ చెయ్యి మంచిది.”

ఫోను పెట్టేశాక హెడీ తన చేతుల వంక చూసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆ చేతులంటే ఆమెకు గర్వం. పెద్దల కార్లలో ఒక్క చప్పుడు వినపడకుండా చేశానని ఆదివారం భోజనాల దగ్గర చెప్పుకునేది. తను చేసిందేమిటి? పైనున్నవాళ్ల కళ్లకు గంతలు కట్టింది. ఆ గంతలే కర్రగా మార్చి కింద తన తమ్ముణ్ణి కొట్టారు. తమ్ముడు ఆ దెబ్బలు తిని అక్క కోసం నోరు మూసుకున్నాడు. హార్గ్రేవ్ మీద పుట్టిన రోత ఇప్పుడు తన మీదికే తిరిగింది. తొట్టి దగ్గరికి వెళ్లి గరుకు సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది.

ఆ తర్వాత పనిలోకి దిగింది. ఓటిస్ దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. కారు లోపలి నీళ్లు పీల్చి తీసింది, సీటు ఆరబెట్టింది, పైనంతా మెత్తటి గుడ్డతో తుడిచింది, ముందున్న వెండి గుర్తును నోటి ఆవిరి పట్టించి మరీ మెరిపించింది. ఎడమ తలుపు దగ్గర చాలాసేపు వంగి నిలబడింది. పన్నెండుకు పది నిమిషాలుండగా కారును లిఫ్టు మీదికి ఎక్కించి, దిగి, మీట నొక్కింది. నల్ల సావరిన్ నెమ్మదిగా పైకి లేచి, కప్పులో మాయమైంది.

“అయిందా?” అన్నాడు ఓటిస్.

“తుడిచాను.”

ఓటిస్ బల్ల దగ్గరికి వచ్చాడు. కాఫీ డబ్బా సామాను అలాగే ఉంది. దాని కింద సంతకం లేని కాగితం. పక్కన కొత్త రబ్బరు బీడింగు, కవరు కూడా విప్పలేదు. చట్రం వంచే చెక్కముక్క కొయ్యకు వేలాడుతోంది.

“హెడీ!” ఓటిస్ మొహం పాలిపోయింది. “నువ్వు దాన్ని ముట్టుకోలేదా?”

“చెయ్యి పడని కారు కావాలన్నారు. పంపించాను.”

“నీకు మతి పోయిందా? బయట చూడు ఎలా కొడుతోందో! వాళ్ల కెమెరాల ముందు ఆ ముసలాయన ఒళ్లో నీళ్లు కారతాయి. నీ తమ్ముడు, ఆ షిఫ్టు, నా ఈస్టరు..” లిఫ్టును వెనక్కి దింపే ఎర్ర బొత్తాము మీదికి చెయ్యి చాపాడు. హెడీ తన అరచెయ్యి దాని మీద పెట్టేసింది. ఇరవై రెండేళ్ల స్నేహంలో వాళ్లిద్దరూ ఒకరినొకరు అలా చూసుకోవడం అదే మొదటిసారి. పైన లిఫ్టు ఆగిన చప్పుడైంది. ఓటిస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇద్దరూ పైకి చూస్తూ నిలబడ్డారు. వానచప్పుడు, దాని వెనక సన్నగా చప్పట్లు. కాసేపటికి ఒక కారు తలుపు మూసుకున్న శబ్దం. పడవలో డబ్బా రేకు పడ్డట్టు. చప్పట్లు ఆగిపోయాయి.

ఇంజను చప్పుడు కోసం చూశారు. రాలేదు.

గోడ మీద ఫోను మోగింది. ఓటిస్ కదల్లేదు. హెడీ తీసింది.

“కింద ఎవరు?” ముసలి గొంతు, బొంగురుగా.

“హెడీ కుబియాక్ సార్. తలుపులు చూసే మనిషిని.”

“నేను స్ట్రౌడ్‌ని. వాకిట్లో ఉన్నాను. వీళ్లంతా నా మొహంలోకే చూస్తున్నారు.” ఊపిరి తీసుకున్నాడు. “పంతొమ్మిదో ఏట నేనీ కంపెనీలో తలుపులు బిగించేవాణ్ణి. ఆ సంగతి నాకే గుర్తులేదు. ఇప్పుడు తలుపు వేసుకుంటే గుర్తొచ్చింది. హార్గ్రేవ్ ఇక్కడే నా పక్కనే ఉన్నాడు. ఈ కారు మీద ఎవరి చెయ్యీ పడలేదంటున్నాడు. నిజమేనా?”

తమ్ముడి మాట హెడీ చెవిలో మోగింది, రెండు వేలమందిమి ఉన్నామన్న మాట.

“నిజమే సార్. ఆయన చెయ్యి వెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు.”

“మరి ఇన్నాళ్లూ నేనెక్కిన కార్లు?”

“అన్నిటి మీదా పడింది సార్. నా చెయ్యే.”

ఫోను పెట్టేశాడనుకుంది. పెట్టలేదు. ఎవరో ఏదో నచ్చజెప్పబోతే “నువ్వు దూరంగా జరుగు” అని ముసలాయన కసరడం వినపడింది. తర్వాత గొంతు మళ్లీ దగ్గరికొచ్చింది.

“హెడీ, పైకి రా. నా పక్క సీట్లో కూర్చో. వీళ్లందరి ముందు ఈ బండి నడుపుతాను.”

“సార్, అది..”

“తెలుసు. కోటు వేసుకుని రా. ఇద్దరం తడుస్తాం.”